పచ్చ పట్టీ, ఎర్ర పట్టీ

ఈ వాదం ఒక రిపోర్టు దగ్గర మొదలైంది. తాగుడు వల్ల లివర్ గట్టిపడి సిర్రోసిస్ దాకా వచ్చిన ఒక పెద్దాయన, ఎవరో చెబితే, ఉమ్మి శాంపిల్ పంపి జన్యుపరీక్ష చేయించుకున్నారు. వచ్చిన రిపోర్టులో యాంటీఆక్సిడెంట్ల కోసం ఒక పేజీ ఉంది. ఎస్ఓడీ2 అనే జన్యువుకు ఎదురుగా పచ్చ పట్టీ, పక్కన ‘మెరుగైన రక్షణ’ అన్న మాట. దాని కింద జీఎస్‌టీఎం1కి ఎదురుగా ఎర్ర పట్టీ, ‘లోపం’ అన్న మాట, ఆ లోపానికి వాడాల్సిన క్యాప్సూళ్ల జాబితా. ఆయన పచ్చ పట్టీ చూసి ధైర్యం తెచ్చుకున్నారు, ఎర్ర పట్టీ చూసి క్యాప్సూళ్లు తెప్పించుకున్నారు. లివర్‌లో క్యాన్సర్ గడ్డ లేచిందేమో చూడటానికి ఆర్నెల్లకోసారి చేయించుకోవాల్సిన స్కాన్ మాత్రం ‘ఇప్పుడెందుకులే’ అని మానేశారు.

ఆయన తమ్ముడి కూతురు హైదరాబాద్‌లో జన్యు పరిశోధన చేస్తోంది. ఆమె మేనమామ అనంతపురం జిల్లా ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఫిజీషియన్‌గా పనిచేసి రిటైరయ్యారు. ఇద్దరికీ ఈ విషయం మీద పట్టుంది, పట్టుదలా ఉంది. వాళ్ల మాటలు వాళ్ల మాటలుగానే రాస్తున్నాను. నాకు తోచింది చెప్పకుండా ఉండలేని చోట మధ్యలో కలగజేసుకుంటాను.

మేనమామ: చూడమ్మాయ్, నా సర్వీసంతా సిర్రోసిస్ వార్డులోనే గడిచింది. ఎవరి మీద కన్నేసి ఉంచాలో తెలియడానికి నాలుగు ప్రశ్నలు చాలు. తాగుతారా? హెపటైటిస్ బి ఉందా? సి ఉందా? షుగరు, పొట్ట ఉన్నాయా? మీరంతా కలిసి ఐదో ప్రశ్న తెచ్చిపెట్టారు. దాని ఫలితం కళ్లారా చూస్తున్నావుగా. పెద్దబావ స్కాన్ మానేసి క్యాప్సూళ్లు మింగుతున్నాడు.

మేనకోడలు: ఆ రిపోర్టు రాసినవాళ్లని నేను వెనకేసుకు రావడం లేదు మామయ్యా. కానీ మీ నాలుగు ప్రశ్నలకూ అచ్చం ఒకే జవాబు చెప్పేవాళ్లు ఇద్దరుంటారు. ఒకే ఊరు, ఒకే మందు, దాదాపు అన్నేళ్లే తాగారు, ఇద్దరికీ సిర్రోసిస్. ఒకరికి గడ్డ లేస్తుంది, ఇంకొకరికి లేవదు. ఈ తేడా ఎక్కడిదో మీకు తెలుసుకోవాలనిపించదా?

మేనమామ: తెలుసుకుని ఏం చేస్తానన్నదే నా ప్రశ్న. సరే, ముందు చెప్పు. యాంటీఆక్సిడెంట్ జన్యువుకీ లివర్ క్యాన్సర్‌కీ ఏమిటి సంబంధం? మాత్రల డబ్బా మీద ఉండే మాటలు కాకుండా చెప్పు.

మేనకోడలు: కణంలో శక్తి తయారయ్యేది మైటోకాండ్రియాలో. ఆ పనిలో కొంత ఆక్సిజన్ సగంలో దారితప్పి సూపర్ఆక్సైడ్ అవుతుంది. అది ఊరికే ఉండదు, ఇనుము పట్టుకుని ఉన్న ఎంజైములను పాడుచేస్తుంది. దాన్ని అక్కడికక్కడే పట్టి హైడ్రోజన్ పెరాక్సైడ్‌గా మార్చేది ఎస్ఓడీ2, మాంగనీస్‌తో పనిచేసే ఎంజైము. తర్వాత ఆ పెరాక్సైడ్‌ను నీళ్లుగా మార్చే పని కెటలేజ్‌ది, గ్లూటాథయోన్ పెరాక్సిడేజ్‌ది. ఇంటర్ ల్యాబ్‌లో పచ్చి లివర్ ముక్క మీద పెరాక్సైడ్ పోస్తే బుసబుసా నురగ పొంగుతుంది కదా, అది కెటలేజ్ పనే. నురగలో ఉన్నది ఆక్సిజన్. మందు, కొవ్వు, వైరస్, బూజు విషం, మనం మింగే మాత్రలు అన్నీ ముందుగా చేరేది లివర్‌కే. కాబట్టి ఈ ఎంజైములన్నీ అక్కడ దండిగా ఉంటాయి.

మేనమామ: 1940ల్లో జపాన్‌లో తకహారా అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు ఒక పాప నోట్లో పుండు కడగడానికి పెరాక్సైడ్ పోశాడు. నురగ రాలేదు, రక్తం నల్లబడింది. ఆ పిల్లకు కెటలేజ్ లేదు. అలాంటివాళ్లను తర్వాత చాలామందిని గుర్తించారు. వాళ్ల ముఖ్యమైన బాధ చిగుళ్ల పుండ్లు. ఎంజైము మొత్తానికే లేకపోయినా మనిషి నడుస్తున్నాడు. నువ్వు చెప్పేది ఎంజైము లేకపోవడం కూడా కాదు, జన్యువులో ఒక్క అక్షరం తేడా. దానివల్ల క్యాన్సర్ వస్తుందంటే నేనెలా నమ్మాలి?

మేనకోడలు: ఒక ఎంజైము లేకపోతే ఇంకోటి ఆదుకుంటుంది. అన్నిచోట్లా అలా జరగదు. ఎస్ఓడీ2 తీసేసిన ఎలుక పిల్లలు పుట్టిన కొద్ది రోజులకే చచ్చిపోతాయని 1995లోనే తేలింది. దాని జంట ఎంజైము ఎస్ఓడీ1 తీసేస్తే ఎలుకలు బతుకుతాయి, పెద్దవవుతాయి. కానీ ముసలితనంలో వాటిలో చాలావాటికి లివర్‌లోనే క్యాన్సర్ గడ్డలు లేచాయి. అది 2005లో అచ్చయింది. ఊపిరితిత్తుల్లో కాదు, పేగుల్లో కాదు, లివర్‌లో. ఇది ఊరికే జరిగే పనేనా మామయ్యా?

మేనమామ: కాదు, ఒప్పుకుంటా. కానీ నువ్వే చెప్పావు, ఎంజైము లేకపోతే క్యాన్సర్ అని. అలాగైతే రిపోర్టులో పచ్చ పట్టీ సరైనదే. పెద్దబావకు ఎస్ఓడీ2 బాగా పనిచేసే రకం ఉంది. ఆయన భద్రం. అంతేగా?

మేనకోడలు: అక్కడే కథ తిరగబడుతుంది. నేను ఈ జన్యువును వదిలిపెట్టలేకపోతున్నది కూడా అందుకే.

(ఇక్కడి నుంచి ఆమె గొంతులో వేగం పెరిగింది. నేనూ చదువరిని కాస్త నిదానంగా రమ్మంటాను. మాత్రల అంగళ్లు ఎప్పటికీ చెప్పని సంగతి ఇది.)

మేనకోడలు: ఎస్ఓడీ2 ప్రొటీన్ మైటోకాండ్రియా బయట తయారై లోపలికి వెళ్లాలి. లోపలికి దారి చూపే ముక్క ఒకటి దాని ముందు ఉంటుంది. ఆ ముక్కలో పదహారో స్థానంలో కొందరికి ఆలనిన్ ఉంటుంది, కొందరికి వాలిన్. వాలిన్ రకం లోపలి పొర దగ్గర కొంత ఇరుక్కుంటుంది. ఆలనిన్ రకం సాఫీగా లోపలికి పోతుంది. ఎలుక లివర్ మైటోకాండ్రియా మీద కొలిస్తే, ఆలనిన్ రకం వల్ల లోపల పనిచేసే ఎంజైము 30 నుంచి 40 శాతం ఎక్కువగా ఉంది. కాబట్టి కంపెనీవాళ్లు ఆలనిన్‌కు పచ్చ రంగు వేశారు. పెదనాన్నకు రెండు కాపీలూ ఆలనినే.

మేనమామ: మరి?

మేనకోడలు: పారిస్ శివారులో బాందీ అనే చోట ఝాన్ వెర్దియే ఆసుపత్రి ఉంది. అక్కడి బృందం తాగుడు వల్ల సిర్రోసిస్ వచ్చిన రోగులను ఏళ్ల తరబడి చూసింది. 2006లో అచ్చయిన వాళ్ల ఫలితాల్లో లివర్‌లో ఇనుము ఎక్కువగా పేరుకున్నదీ, క్యాన్సర్ ఎక్కువగా వచ్చిందీ ఆలనిన్ ఉన్నవాళ్లకే. మంచి రకం అనుకున్నదే వాళ్లకు చేటు చేసింది.

మేనమామ: అదెలా? రక్షణ ఎక్కువైతే నష్టం ఎందుకు పెరుగుతుంది?

మేనకోడలు: ఎస్ఓడీ2 చేసేది సగం పనే మామయ్యా. సూపర్ఆక్సైడ్‌ను తీసేసి పెరాక్సైడ్‌ను మిగులుస్తుంది. తర్వాతి ఎంజైములు అదే వేగంతో ఆ పెరాక్సైడ్‌ను నీళ్లు చేస్తే చిక్కు లేదు. కానీ తాగేవాడి లివర్‌లో గ్లూటాథయోన్ తరిగిపోయి ఉంటుంది. పైగా తాగుడు వల్ల, ఇనుమును అదుపులో ఉంచే హెప్సిడిన్ తగ్గి, పేగుల నుంచి ఇనుము ఎక్కువగా లోపలికి వస్తుంది. పెరాక్సైడూ ఇనుమూ కలిస్తే హైడ్రాక్సిల్ రాడికల్ పుడుతుంది. ఫెంటన్ అనే రసాయన శాస్త్రవేత్త ఈ చర్యను 1894లోనే రాశాడు. దాన్ని పట్టి ఆపే ఎంజైము మన ఒంట్లో లేదు. పుట్టిన చోటే డీఎన్ఏను కొడుతుంది. చీడకు మందు కొట్టి, ఆ డబ్బా కడిగిన నీళ్లు బావిలో పోసినట్టు. చీడ పోతుంది, విషం ఇంట్లోకే వస్తుంది.

మేనమామ: ఊఁ.

మేనకోడలు: ఇంకొకటి కూడా కలుస్తుంది. తాగుడు వల్ల లివర్ వాస్తే న్యూట్రోఫిల్స్ అనే తెల్ల రక్తకణాలు అక్కడికి గుంపులుగా చేరతాయి. వాటిలోని మైలోపెరాక్సిడేజ్ ఆ పెరాక్సైడ్‌ను వాడుకుని బ్లీచింగ్ లాంటి ఆమ్లం తయారుచేస్తుంది. ఆ ఎంజైమును ఎక్కువగా తయారుచేసే జన్యు రకం కూడా ఆలనిన్‌తో పాటు ఉన్న రోగుల్లో ముప్పు ఇంకా పెరిగిందని అదే ఫ్రెంచి బృందం 2009లో చూపింది. 2008లో మొరాకోలో హెపటైటిస్ సి రోగుల్లో కూడా క్యాన్సర్ ముప్పు ఆలనిన్ వైపే కనబడింది.

మేనమామ: ఇప్పుడు నా మాట విను. ఇదే జన్యువును ఇంగ్లండ్‌లో న్యూకాసిల్ వాళ్లు పెద్ద సంఖ్యలో రోగుల్లో చూశారు. తాగుడు వల్ల వచ్చే ఆక్సిడేటివ్ స్ట్రెస్‌తోనూ, లివర్‌లో మచ్చ కట్టడంతోనూ దీనికి సంబంధం లేదని 2002లో రాశారు. కొద్దిమంది రోగులు, తమకు ముందే ఇష్టమైన జన్యువు, అనుకున్న జవాబు దొరగ్గానే పేపరు. ఒక కాలమంతా ఇలాంటి అధ్యయనాలే కదా. తర్వాత డీఎన్ఏ మొత్తాన్ని గాలించే పెద్ద అధ్యయనాలు వచ్చాయి. వాటిలో పైకి తేలింది ఏది? నీ ఎస్ఓడీ2 కాదు. కొవ్వుతో పనిచేసే పీఎన్‌పీఎల్ఏ3.

మేనకోడలు: న్యూకాసిల్ వాళ్లు అడిగింది మచ్చ గురించి. బాందీ వాళ్లు అడిగింది, మచ్చ కట్టేశాక క్యాన్సర్ ఎవరికి వస్తుందని. రెండూ వేరు ప్రశ్నలు. పీఎన్‌పీఎల్ఏ3 సంగతి మాత్రం ఒప్పుకుంటాను. 2008లో డాలస్‌లో హెలెన్ హాబ్స్ బృందం దాన్ని ఫ్యాటీ లివర్‌తో ముడిపెట్టింది. ఆ తర్వాత తాగేవాళ్లలోనూ, ఫ్యాటీ లివర్ ఉన్నవాళ్లలోనూ క్యాన్సర్‌తో దాని సంబంధం మళ్లీ మళ్లీ నిలబడింది. మనవాళ్లలో కూడా ఆ రకం తక్కువేమీ కాదు. యాంటీఆక్సిడెంట్ జన్యువులకు అంత బలమైన సాక్ష్యం లేదు. లేదని నేనూ చెబుతాను. కానీ జనాభా మొత్తం మీద సగటు తీస్తే కనబడనిది, ఇనుము పేరుకున్న తాగుడు లివర్‌లో కనబడవచ్చు. కొందరికి మేలు, కొందరికి కీడు చేసే జన్యువును సగటు తీస్తే సున్నా వస్తుంది.

(నా లెక్కలో ఈ రౌండు మామయ్యదే. సగటులో కనబడనిదంతా ఎక్కడో ఉండే ఉంటుందని వాదిస్తే దేన్నయినా నిలబెట్టవచ్చు. చిన్న గుంపుల్లో దొరికిన సంబంధం ఇంకో గుంపులో మళ్లీ దొరకాలి, లేకపోతే అది అనుమానంగానే మిగలాలి. కానీ ఆమె చెప్పిన ఇనుము సంగతి మాత్రం కొట్టిపారేసేది కాదు.)

మేనమామ: సరే, నీ వాదమే నిజమనుకుందాం. అప్పుడు పెద్దబావ క్యాప్సూళ్లు ఎంత తప్పో నువ్వే తేల్చేశావు. ఒంట్లో పుట్టే యాంటీఆక్సిడెంటే ఎక్కువై చేటు చేస్తుంటే, అంగట్లో కొన్నది ఏం ఉద్ధరిస్తుంది? ఫిన్లాండ్‌లో 29,133 మంది పొగతాగే మగవాళ్ల మీద పరీక్ష చేశారు. బీటా కెరోటిన్ వేసుకున్నవాళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువగా వచ్చిందని 1994లో తేలింది. అమెరికాలో మగవాళ్లకు విటమిన్ ఇ ఇచ్చి చూశారు. ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో లెక్క వచ్చింది. ఇవి చిన్నాచితకా పరీక్షలు కావు.

మేనకోడలు: క్యాప్సూళ్ల విషయంలో మన మధ్య తగాదా లేదు. ఇంకా ముందుకు వెళ్లి చెబుతాను. కణంలో ఈ యాంటీఆక్సిడెంట్ ఎంజైములను చాలావాటిని ఒకేసారి మేల్కొలిపే స్విచ్ ఒకటి ఉంది, ఎన్ఆర్ఎఫ్2 అని. లివర్ క్యాన్సర్ గడ్డల్లో కొన్నింటిలో ఆ స్విచ్ ఎప్పుడూ వేసే ఉండేలా మ్యుటేషన్లు ఉంటాయి. అంటే గడ్డ కూడా తన ప్రాణం కాపాడుకోవడానికి యాంటీఆక్సిడెంట్లనే వాడుకుంటోంది. సిర్రోసిస్ రోగి లివర్‌లో కంటికి కనబడని చిన్న గడ్డ ఉందో లేదో తెలియకుండా యాంటీఆక్సిడెంట్ క్యాప్సూల్ ఎవరి వైపు పనిచేస్తుందో ఎవరు చెప్పగలరు? పైగా పెదనాన్న తెప్పించిన జాబితాలో గ్రీన్ టీ ఎక్స్‌ట్రాక్ట్ ఉంది. క్యాప్సూల్‌లో మోతాదు ఎక్కువైతే అదే లివర్‌ను దెబ్బతీసిన కేసులు చాలా దేశాల్లో నమోదయ్యాయి.

మేనమామ: ఇదివరకు కామెర్లొస్తే పసరు పోయించుకుని, పొట్టలో నీరు చేరాక మా దగ్గరికి వచ్చేవాళ్లు. ఇప్పుడు డబ్బా మారింది, అంతే. ఆలస్యం మాత్రం అదే ఆలస్యం. స్కాన్ సంగతి నేను మాట్లాడాను. సోమవారం తీసుకెళ్తున్నాను.

మేనకోడలు: మంచిపని చేశారు. ఇక ఎర్ర పట్టీ దగ్గరికి వద్దాం. జీఎస్‌టీఎం1. విషాలకు గ్లూటాథయోన్ తగిలించి బయటికి పంపించే ఎంజైము ఇది. చాలామందికి ఈ జన్యువు మొత్తంగానే ఉండదు. యూరప్ మూలాల వాళ్లలో సుమారు సగం మందికి లేదు.

మేనమామ: సగం మందికి లేనిదాన్ని లోపమంటే, మిగిలిన సగానిది అదనమనాలి! యూరప్‌లో సగం మందికి ఆ జన్యువు లేకపోతే అక్కడ సగం మందికి లివర్ క్యాన్సర్ రావాలి కదా.

మేనకోడలు: రాదు. అక్కడి తిండిలో అఫ్లాటాక్సిన్ అనే బూజు విషం అంతగా ఉండదు కాబట్టి రాదు. 1995లో ఘనా, చైనా రోగుల మీద ఒక అధ్యయనం వచ్చింది. అఫ్లాటాక్సిన్ లివర్‌లోకి వెళ్లాక అక్కడి ఎంజైములే దాన్ని డీఎన్ఏకు అతుక్కునే రూపంలోకి మారుస్తాయి. ఆ రూపాన్ని విరిచేది జీఎస్‌టీఎం1, ఎపాక్సైడ్ హైడ్రోలేజ్. ఆ అధ్యయనంలో, ఈ రెండింట్లో బలహీనమైన రకాలున్నవాళ్లలోనే, కణం క్యాన్సర్ కాకుండా కాపాడే పీ53 జన్యువులో 249వ స్థానపు మ్యుటేషన్ కనిపించింది. ఆ మ్యుటేషన్ అఫ్లాటాక్సిన్ వదిలివెళ్లే వేలిముద్ర అని అంతకు ముందే, 1991లోనే, చైనాలోని చిదాంగ్ రోగుల్లోనూ ఆఫ్రికా దక్షిణ ప్రాంతపు రోగుల్లోనూ తెలిసింది.

మేనమామ: అఫ్లాటాక్సిన్ గురించి నాకు చెప్పక్కర్లేదు తల్లీ. మాది శెనక్కాయల జిల్లా. కాయ ఊరే టైములో వాన ముఖం చాటేస్తే, భూమి వేడెక్కి, కాయ మీద పగుళ్లొచ్చి, ఆస్పర్జిల్లస్ బూజు లోపలికి చేరుతుంది. పీకాక కట్టె సరిగ్గా ఆరకముందే వాన పడితే ఇంకా ఘోరం. పొట్టు తీసే చోట ఆడవాళ్లు చాటల్లో పోసుకుని గింజలు ఏరుతుంటే కూర్చుని చూశాను. నిండు గింజ ఒకవైపు. ముడతలు పడ్డది, రంగు మారింది, పుచ్చింది ఇంకోవైపు. ఆ మంచి గింజ ఎగుమతికో, మిఠాయి కొట్టుకో పోతుంది. ఈ రెండో కుప్ప ఎక్కడికి పోతుందని అడిగాను. కొంత నూనెకు, కొంత చవగ్గా అమ్మకానికి. చెక్క పశువులకు. పశువు తింటే పాలల్లోకి వస్తుంది. వేయిస్తే విషం పూర్తిగా పోదు. చవగ్గా కొన్న గింజలతో చేసిన పొడీ పచ్చడీ ఎవరి కంచంలో పడతాయో నేను నీకు చెప్పాలా?

మేనకోడలు: చెప్పక్కర్లేదు.

మేనమామ: 1974లో రాజస్థాన్‌లోని బాన్స్‌వాడా, గుజరాత్‌లోని పంచమహల్ జిల్లాల ఊళ్లలో ఉన్నట్టుండి కామెర్లు, పొట్టలో నీరు. వందకు పైగా మనుషులు చచ్చిపోయారు. అదే తిండి తిన్న కుక్కలూ చచ్చాయి. వైరస్ అయితే కుక్కలెందుకు చస్తాయి? బూజు పట్టిన మొక్కజొన్నే కారణమని తేల్చినవాళ్లలో మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లున్నారు. అక్కడ ఎవరి జన్యువులూ చూడలేదు. చూడాల్సిన పనీ లేదు. మొక్కజొన్న చూశారు.

మేనకోడలు: అది ఒక్కసారిగా విషం తగిలిన సంగతి. క్యాన్సర్ కొద్దికొద్దిగా ఏళ్ల తరబడి తగిలితే వచ్చేది.

మేనమామ: దానికీ లెక్క ఉంది. షాంఘైలో 18,000 మందికి పైగా మగవాళ్ల మూత్రం దాచిపెట్టి, తర్వాత వాళ్లలో లివర్ క్యాన్సర్ ఎవరికొచ్చిందో చూశారు. అఫ్లాటాక్సిన్ ఒక్కటే ఉంటే ముప్పు మూడు రెట్లకు పైన. హెపటైటిస్ బి ఒక్కటే ఉంటే ఏడు రెట్లకు పైన. రెండూ ఉంటే దాదాపు అరవై రెట్లు. నీ జన్యువుల్లో ఇంత ముప్పు చూపగలిగింది ఒక్కటి చెప్పు!

మేనకోడలు: లేదు. మీ దగ్గరికి వచ్చే మామూలు రోగుల్లో లేదు.

మేనమామ: చిదాంగ్‌లో ఏం జరిగింది? 1980ల్లో జనం మొక్కజొన్న మానేసి బియ్యం తినడం మొదలుపెట్టారు. హెపటైటిస్ బి టీకా పడిన పిల్లలు ఇంకా పెద్దవాళ్లు కాకముందే లివర్ క్యాన్సర్ చావులు తగ్గడం మొదలైంది. వాళ్ల జీఎస్‌టీఎం1 ఏమైనా మారిందా? ఎర్ర పట్టీ ఎర్రగానే ఉంది. కంచం మారింది. తైవాన్‌లో 1984లో పుట్టిన పిల్లలకు టీకా వేయడం మొదలుపెట్టారు. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లల్లో లివర్ క్యాన్సర్ లక్షకు 0.70 నుంచి 0.36కు పడిపోయిందని 1997లో ప్రకటించారు. అదే ఏడు మన హైదరాబాద్‌లో వరప్రసాద్ రెడ్డి గారి శాంతా బయోటెక్నిక్స్ దేశంలోనే తయారైన మొట్టమొదటి రీకాంబినెంట్ హెపటైటిస్ బి టీకాను మార్కెట్‌లోకి తెచ్చింది. అంతకు ముందు విదేశీ టీకా ధర చూసి వెనక్కి వెళ్లిపోయిన తల్లిదండ్రుల్ని నేనెరుగుదును. హెపటైటిస్ సికి మాత్రలు వచ్చాయి. 2018 నుంచి జాతీయ కార్యక్రమం కింద ఉచితంగా ఇస్తున్నారు. ఈ పనులన్నింట్లో ఏ ఒక్కరి జన్యువూ చూడలేదమ్మా. జన్యువు ఏదైనా పనిచేస్తాయి. అదే వాటి గొప్ప.

(ఈ మాట అంటున్నప్పుడు ఆయన గొంతు వణికింది. ఇందులో నాకు రెండో అభిప్రాయం లేదు. పుట్టిన 24 గంటల్లో పడాల్సిన హెపటైటిస్ బి టీకా తప్పిపోయిన చోట ఏ జన్యు రిపోర్టూ ఆ లోటు పూడ్చలేదు. ప్రపంచంలో 2022లో సుమారు 8,66,000 మందికి కొత్తగా లివర్ క్యాన్సర్ వచ్చింది. సుమారు 7,58,000 మంది చనిపోయారు. ఈ రెండు అంకెలూ ఇంత దగ్గరగా ఉండటమే ఈ జబ్బు ఎంత ఆలస్యంగా దొరుకుతోందో చెబుతుంది.)

మేనకోడలు: మీరు చెప్పిన ప్రతి మాటా నా వాదానికి పనికొస్తుంది మామయ్యా. జీఎస్‌టీఎం1 లేకపోవడం బూజు లేని ఊళ్లో ఏమీ కాదు, బూజు ఉన్న ఊళ్లో ముప్పు. ఎస్ఓడీ2లో ఆలనిన్ తాగనివాడికి మేలే కావచ్చు, ఇనుము పేరుకున్న తాగుబోతుకు కీడు. జన్యువుకు సొంతంగా రంగు లేదు. అది ఏ లివర్‌లో, ఏ తిండి మధ్య, ఏ వైరస్ పక్కన ఉందో దాన్ని బట్టి రంగు మారుతుంది. కంపెనీవాళ్లు చేసిన తప్పు జన్యువు చూడటం కాదు, మనిషిని చూడకుండా జన్యువును మాత్రమే చూడటం.

మేనమామ: అది నేను ఒప్పుకునే మాటే. కానీ అప్పుడు మనిషిని చూస్తే చాలదా? జన్యువు ఎందుకు?

మేనకోడలు: టీకా రాకముందు పుట్టినవాళ్లు ఇప్పుడు నడివయసులో ఉన్నారు. తాగుడుకు టీకా లేదు. ఇక ఫ్యాటీ లివర్. సిటీలో ఏ కుటుంబంలో చూసినా షుగరుతో పాటు అదీ ఉంటోంది. వాళ్లలో కొందరికి సిర్రోసిస్ రాకుండానే క్యాన్సర్ వస్తోంది. వాళ్లందరికీ ఆర్నెల్లకోసారి అల్ట్రాసౌండ్, ఏఎఫ్‌పీ రక్తపరీక్ష చేయగలమా? అన్ని స్కాన్ మిషన్లు లేవు, చూసే డాక్టర్లూ లేరు. వాళ్లలో ఎవరిని ముందు పిలవాలి? మీ నాలుగు ప్రశ్నలకు వాళ్లంతా ఒకే జవాబు చెబుతారు. అక్కడ నాకు ఐదో ప్రశ్న కావాలి. ఒక్క జన్యువు కాదు, పీఎన్‌పీఎల్ఏ3 లాంటివి కొన్ని, వాటితో పాటు వయసు, షుగరు, తాగుడు, ఒంట్లో ఇనుము నిల్వ చూపే ఫెరిటిన్, ప్లేట్‌లెట్లు అన్నీ కలిపి. అందులో ఎస్ఓడీ2కు చోటుంటుందో లేదో చూశాక చెబుతాను. లేదని తేలితే తీసేస్తాను.

మేనమామ: ఎవరిని చూశాక? ఇప్పుడున్న స్కోర్లన్నీ ఎక్కువగా యూరప్ రోగుల మీద కట్టినవి. వాళ్లు తాగేది వేరు, తినేది వేరు. వాటిని తెచ్చి ధర్మవరం మగ్గం మనిషికి పెడితే ఏం తెలుస్తుంది?

మేనకోడలు: ఏమీ తెలియకపోవచ్చు. అందుకే మనవాళ్లలో చేయాలంటున్నాను.

మేనమామ: అయితే ఒకటి అడుగుతాను, సూటిగా చెప్పు. ఆ బాందీ ఆసుపత్రివాళ్లకు ఆ జవాబు ఎలా దొరికింది? జన్యు మిషన్ ఉండబట్టా?

మేనకోడలు: కాదు. సిర్రోసిస్ వచ్చిన ప్రతి రోగినీ పిలిచి, క్రమం తప్పకుండా స్కాన్ చేస్తూ, ఎవరికి ఎప్పుడు గడ్డ లేచిందో, ఎవరు ఎప్పుడు పోయారో ఏళ్ల తరబడి రాసుకున్నారు కాబట్టి.

మేనమామ: అదీ. మా వైపు ఆ రిజిస్టరే లేదు. సిర్రోసిస్ రోగి ఒకసారి వస్తాడు, నీరు తీయించుకుంటాడు, పోతాడు. మళ్లీ వచ్చేసరికి గడ్డ అరచేయంత ఉంటుంది, లేదా మనిషే రాడు. ఏమయ్యాడో రాసేవాడు లేడు. ముందు ఆ రిజిస్టరు పెట్టు. పేరు, ఊరు, ఫోను, తాగుడు, బి, సి, షుగరు, ఇంట్లో వాడే నూనె, శెనక్కాయలు ఎక్కడ కొంటారు, అన్నీ. ఆర్నెల్లకు రాకపోతే ఆశా కార్యకర్త ఇంటికి వెళ్లాలి. రక్తం ట్యూబు తర్వాత.

మేనకోడలు: రక్తం అదే రోజు తీసుకోనివ్వండి. గడ్డ వచ్చాకే తీద్దామంటే మధ్యలో పోయినవాళ్లు లెక్కలోకి రారు. బతికున్నవాళ్ల జన్యువులు మాత్రమే చూసి తప్పు జవాబు తెచ్చుకుంటాం. ఇంతకు ముందు చాలా అధ్యయనాలు బోల్తాపడింది అక్కడే.

మేనమామ: తీసుకో. కానీ ఒక షరతు. స్కాన్‌కు డబ్బు దొరకని చోట రక్తం తీయకూడదు. రోగి మనకు ఒక ట్యూబు రక్తం ఇస్తే, మనం అతనికి ఆర్నెల్లకోసారి స్కాన్ ఇవ్వాలి, ఫలితం ఏదైనా, అధ్యయనం ముగిసినా.

మేనకోడలు: గ్రాంటు అలా రాస్తే బడ్జెట్‌లో సగానికి పైగా స్కాన్లకే పోతుంది. డబ్బిచ్చేవాళ్లు జన్యువులకు ఇస్తారు, స్కాన్లకు ఇవ్వరు.

మేనమామ: ఇవ్వకపోతే ఎందుకు ఇవ్వాలో రాయి. స్కాన్ లేకపోతే నీ జన్యువుకు జవాబే లేదని నువ్వే కదా ఇప్పుడు చెప్పావు. రోగుల వైపు భాగం నేను రాసిస్తాను.

మేనకోడలు: రాసివ్వండి. ఫెరిటిన్‌కు మాత్రం ఒక గడి వదలండి మామయ్యా. ప్రతి రోగికీ, ప్రతిసారీ. ఇనుము సంగతి తేల్చకుండా నేను ఎస్ఓడీ2ను వదలను.